రాకెట్‌కు ఎనిమిది వేలు, కాళ్లకు పాత బూట్లా?

మీ ఇంట్లో షటిల్ ఆడేవాళ్లు ఉంటే ఒక చిన్న పని చేయండి. రాకెట్ ఎంతకు కొన్నారో అడగండి. తర్వాత ఆడేటప్పుడు వేసుకునే బూట్లను తిరగేసి అడుగుభాగం చూడండి. మా పర్చూరు చుట్టుపక్కల నేను చూస్తున్నంతలో రాకెట్ ఐదు వేలో ఎనిమిది వేలో ఉంటుంది. దాని తీగలు ఎంత బిగువుగా కట్టించారో కూడా లెక్క చెబుతారు. బూట్లు మాత్రం పొద్దున నడకకు కొన్నవే. కొందరివైతే కాలేజీకి వెళ్లే అబ్బాయి వేసుకుని వదిలేసినవి.

నేను జనరల్ ఫిజీషియన్‌ని, ఎముకల డాక్టరును కాను. ప్రభుత్వాసుపత్రి ఓపీలో నా ముందుకు వచ్చేవి ఎక్కువగా బీపీ, షుగరు, జ్వరాలే. అయినా బూట్ల గురించి రాయడానికి కారణముంది. ‘నడవండి, ఆడండి, ఒళ్లు కదిలించండి’ అని రోజూ చెప్పేది మేమే. నలభై దాటిన ఉపాధ్యాయుడో, బ్యాంకు ఉద్యోగో, ఎరువుల దుకాణం నడిపే ఆయనో ఆ మాట విని షటిల్ మొదలుపెడతారు. మూడు నెలల్లో షుగరు దారికొస్తుంది. నాలుగో నెలలో మోకాలు పట్టేస్తుంది. ఆట ఆగిపోతుంది. మందుల దుకాణంలో అడిగి నొప్పి బిళ్లలు తెచ్చుకుంటారు. మళ్లీ మా ఓపీకి వచ్చేసరికి బరువు పెరిగి, షుగరు పెరిగి, ఒక్కోసారి రక్తంలో క్రియాటినిన్ కూడా పెరిగి ఉంటుంది. మోకాలి దగ్గర మొదలైన కథ కిడ్నీల దాకా వస్తే అది మా పనే కదా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆటకు మీరు పెట్టే డబ్బులో మొదటి వాటా బూట్లది. అయితే మంచి బూట్లు కొన్నాం కాబట్టి ఇక మోకాళ్లకు ఢోకా లేదనుకుంటే అది ఇంకో పెద్ద పొరపాటు. ఈ రెండూ కలిపి చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

మన ముందు తరం ఆడిన నేల వేరు. గుంటూరు, ప్రకాశం ఊళ్లలో పసుపు ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడినవాళ్లు మీ ఇంట్లోనే ఉండి ఉంటారు. మట్టి కోర్టు, నీళ్లు చల్లి చదును చేసిన నేల, సున్నపు గీతలు. చాలామంది ఉత్త కాళ్లతోనో, కాన్వాస్ బూట్లతోనో ఆడారు. మట్టి నేల కాస్త అణుగుతుంది, కాలును కాస్త జారనిస్తుంది. ఇప్పటి ఆట రేకుల షెడ్డులో, పెద్ద లైట్ల కింద, సిమెంటు నేల మీద. కొన్నిచోట్ల ఆ సిమెంటు మీదే పచ్చటి మ్యాట్ పరుస్తారు. సిమెంటు ఏమాత్రం అణగదు. ఎగిరి దిగినప్పుడు పుట్టే అదురంతా మడమ, పిక్క, మోకాలు, నడుమే పంచుకోవాలి. అంతర్జాతీయ పోటీల్లో మ్యాట్ కింద సాధారణంగా కాస్త స్ప్రింగులా కదిలే చెక్క నేల ఉంటుంది. టీవీలో ఆ మ్యాట్ ఒక్కటే కనిపిస్తుంది, కింద చెక్క కనిపించదు.

ఇక బూట్ల సంగతి. పరుగు కోసం తయారైన బూటు ఒకే పనికి పుట్టింది, అది ముందుకు వెళ్లడం. అందుకే మడమ కింద దళసరి మెత్త ఉంటుంది, పాదం నేల నుంచి ఎత్తులో ఉంటుంది, పైభాగం వలలా పల్చగా ఉంటుంది. షటిల్‌లో ముందుకు పరుగెత్తేది తక్కువ. పక్కకు దూకడం, వెనక్కి వెళ్లడం, నెట్ దగ్గరకు ఒక పెద్ద అంగ వేసి ఠక్కున ఆగడం, మళ్లీ మధ్యకు రావడం, ఇదే ఆట. ఎత్తయిన మెత్తటి అడుగు మీద నిలబడి పక్కకు దూకితే పాదం బూటు అంచు మీదుగా ఒరిగిపోతుంది. చీలమండ బయటివైపు బెణుకుతుంది. అది తప్పినా, ఆ ఒరిగిన పాదం పైన మోకాలు లోపలికి మెలిపడుతుంది. ‘మెత్తగా ఉంటే మోకాలికి మంచిది కదా’ అని చాలామంది అడుగుతారు. తిన్నగా నడిచేటప్పుడు ఆ మాట సబబే. పక్కకు దూకేటప్పుడు మెత్తదనం కన్నా నిలకడ ముఖ్యం.

బ్యాడ్మింటన్ బూటు అడుగున గమ్ రబ్బరు ఉంటుంది. గోధుమరంగులోనో, లేత పసుపులోనో కనిపిస్తుంది, వేలితో నొక్కి లాగితే పట్టు తెలుస్తుంది. అడుగు నేలకు దగ్గరగా, వెడల్పుగా ఉంటుంది. మడమ వెనక అంచు గుండ్రంగా ఉంటుంది. పెద్ద అంగ వేసినప్పుడు ముందు మడమే నేలకు ఆనుతుంది, అక్కడి నుంచి పాదం సాఫీగా దొర్లడానికే ఆ గుండ్రం. బొటనవేలి లోపలి పక్కన అదనపు తొడుగు కనిపిస్తుంది. కుడిచేత్తో ఆడేవారు నెట్ దగ్గరకు కుడికాలు వేసినప్పుడు వెనక ఎడమకాలి బొటనవేలి పక్క నేలను రాసుకుంటూ వస్తుంది. మీ పాత జతలో ఎడమ బూటు ఆ చోట చిరిగి ఉంటే మీ ఆట సవ్యంగానే ఉంది, బూటే సరైనది కాదు.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి. రోజంతా నిలబడి తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, ఆడేటప్పుడూ అంతే. ఆటకు వేసుకునే దళసరి సాక్సులు వెంట తీసుకెళ్లండి. చాలామందికి రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు, పెద్దదానికి సరిపోయేదే తీసుకోండి. నిలబడి చూసినప్పుడు పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పులో సగానికి పైగా ఖాళీ ఉండాలి. మడమ మాత్రం పైకి లేవకూడదు. చిన్నప్పటి నుంచి చెప్పులతో తిరిగిన మన పాదాలు ముందుభాగంలో వెడల్పుగా ఉంటాయి. పక్కలు నొక్కేస్తుంటే ‘వాడితే సాగుతుందిలెండి’ అని దుకాణం వాళ్లు అంటారు. సాగేలోపు వేళ్లు కాయలు కాస్తాయి. వెడల్పు రకం ఉందేమో అడగండి. తర్వాత బూటును చేతుల్లోకి తీసుకుని బట్ట పిండినట్టు మెలితిప్పండి. సులువుగా మెలితిరిగితే వద్దు. వంచితే వేళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యన కాదు. మడమ వెనకభాగాన్ని బొటనవేలితో నొక్కితే లోపలికి దిగకూడదు. అక్కడే రెండు అడుగులు పక్కకు దూకి చూడండి. ఎవరో నవ్వుతారని మొహమాటపడకండి. రెండున్నర, మూడు వేల రూపాయల్లో ఈ పరీక్షలన్నీ నెగ్గే జత దొరుకుతుంది. ఆ పైన కట్టేది చాలావరకు పేరుకూ రంగుకూ.

పిల్లల విషయంలో మన ఇళ్లలో ఒక అలవాటుంది. ‘ఎదిగే కాలు, వచ్చే ఏడాదికీ వస్తాయి’ అని రెండు సైజులు పెద్దవి కొంటాం. పొదుపు అర్థమవుతుంది, నేనూ జీతగాణ్నే. కానీ వదులు బూటులో పాదం ముందుకూ వెనక్కూ జారుతుంటే పిల్లలు వేళ్లు ముడిచి పట్టు కోసం తంటాలు పడతారు. ఆగాల్సిన చోట బూటు ఆగుతుంది, పాదం ఆగదు. స్కూలు యూనిఫాం బూట్లతో కోచింగ్‌కు పంపడమూ అంతే. రెండు నెలలకోసారి వేలి ముందు ఖాళీ చూసి, చాలకపోతే మార్చండి. పన్నెండు నుంచి పదిహేనేళ్ల పిల్లలు మోకాలి చిప్పకు కాస్త కింద ఎముక మీద నొప్పి అంటే సాకు అనుకోవద్దు. ఎముక వేగంగా పెరిగే వయసులో ఎగిరి దూకే ఆటలాడే పిల్లలకు అక్కడ వాపు రావడం మామూలే. కొన్ని వారాలు దూకడం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

గమ్ రబ్బరుకు శత్రువు దుమ్ము. మా ప్రాంతంలో అది కొదవ లేనిది. వానాకాలం నల్లరేగడి బంక, మిరప కల్లాల కాలంలో ఎక్కడ చూసినా ధూళి. ఇంటి దగ్గరే బూట్లు వేసుకుని బండి మీద కోర్టుకు వెళితే ఆ అడుగు అద్దంలా జారుతుంది. బూట్లు సంచిలో తీసుకెళ్లి కోర్టు దగ్గరే మార్చుకోండి. కోర్టు పక్కన తడి గుడ్డ ఒకటి ఉంచి గేముకీ గేముకీ మధ్య అడుగు తుడుచుకోండి. సిమెంటు మీద ఆడితే గమ్ అడుగు కొన్ని నెలల్లోనే అరిగిపోతుంది. బొటనవేలి కింద గీతలు మాయమై నున్నగా అయితే పైన ఎంత కొత్తగా ఉన్నా ఆ బూటు పని అయిపోయింది. అందుకే బయట సిమెంటు కోర్టులో ఆడేవారికి నేను గట్టి రబ్బరుతో, పక్క పట్టుతో చేసిన టెన్నిస్ బూట్లే చెబుతాను. ఇంకో మాట, పట్టు ఎక్కువైనా చిక్కే. కొత్త గమ్ బూటు శుభ్రమైన మ్యాట్‌కు అతుక్కుని ఆగిపోతే, పాదం అక్కడే ఉండి ఒళ్లు తిరుగుతుంది. మధ్యలో నలిగేది మోకాలు. కొత్త జతతో మొదటి నాలుగైదు రోజులు నెమ్మదిగా ఆడండి.

ఇంతవరకూ బూటు గొప్పతనం చెప్పాను. ఇప్పుడు దాని హద్దు.

పుల్లెల గోపీచంద్ పుట్టిన నాగండ్ల మాకు పరాయి ఊరు కాదు, పక్కనున్న ఇంకొల్లు మండలంలోదే. 1994లో పుణెలో జాతీయ క్రీడల్లో ఆయన మోకాలి లిగమెంటు దెబ్బతింది. శస్త్రచికిత్సలు జరిగాయి. 2001లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. మా వైపు ఈ కథ అందరికీ తెలుసు. చిక్కేమిటంటే, మోకాలు వాచిన ప్రతివారూ దీన్నే నాకు అప్పజెబుతారు. ‘ఆయన ఆపరేషన్లయ్యాక కూడా ఆల్ ఇంగ్లండ్ కొట్టలేదా, నేను ఆదివారం మ్యాచ్ ఆడలేనా’ అని. గాయానికీ ఆ కప్పుకీ మధ్య ఏడేళ్లున్నాయి. కండరాలను మళ్లీ కట్టుకోవడమే పూర్తి ఉద్యోగంగా బతికిన ఏళ్లవి. మీరు మూడు వారాలకు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని దిగుతున్నారు.

2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధుపై గెలిచిన కరోలినా మారిన్ గుర్తుందా? 2019 జనవరిలో ఇండోనేషియాలో సైనాతో ఫైనల్ ఆడుతుండగా ఆమె కుడి మోకాలి లిగమెంటు తెగింది. 2021లో టోక్యోకు ముందు ఎడమది. 2024 ఆగస్టులో పారిస్ సెమీఫైనల్లో గెలుపు దారిలో ఉండగా మళ్లీ కుడిది. సైనా నెహ్వాల్ 2016లో మోకాలికి శస్త్రచికిత్స చేయించుకున్నారు, మోకాలి గుజ్జు దెబ్బతిని కీళ్లవాతంతో బాధపడుతున్నట్టు 2024లో తనే చెప్పారు. వీళ్లెవరికీ మంచి బూట్లకు కొదవ లేదు. బూటు జారుడునూ, చీలమండ ఒరగడాన్నీ తగ్గిస్తుంది. మోకాలిని కాపాడే పని ప్రధానంగా తొడ, పిరుదు, పిక్క కండరాలది, మీరు నేల మీదికి దిగే పద్ధతిది.

ఆ పద్ధతి గురించి ఒక్క దృశ్యం ఊహించుకోండి. మీది కుడిచేతి ఆట. ఎదుటివాడు మీ ఎడమవైపు వెనక మూలకు ఎత్తి కొట్టాడు. వెనక్కి పరుగెత్తి, ఒళ్లు విల్లులా వంచి, తల మీదుగా కొట్టి, ఎడమ ఒంటికాలి మీద దిగారు. బ్యాడ్మింటన్‌లో లిగమెంటు ఎక్కువగా తెగేది సరిగ్గా ఈ క్షణంలోనే. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. మోకాలు నిటారుగా ఉండి లోపలికి ఒరగడమే చాలు. అందువల్ల నలభై దాటినవారు ఆ మూలకు వచ్చిన షటిల్‌ను ఎగరకుండా, అడుగులు వేసి వెళ్లి ఎత్తి కొట్టేయండి. పాయింటు పోతే పోయింది. దిగినప్పుడు మోకాలు కొంచెం వంగి, పాదం రెండో వేలి దిక్కుకే చూస్తుండాలి. మీ ఆటను ఒకసారి ఫోన్‌లో వీడియో తీయించుకుని నెమ్మదిగా నడిపి చూసుకోండి, ఏ పరీక్షా అంత స్పష్టంగా చెప్పదు.

కండరాలకు జిమ్ అక్కర్లేదు. చిన్నప్పుడు మాస్టారు వేయించిన గోడకుర్చీ గుర్తుందా? శిక్షగా వేయించారు గానీ తొడ కండరాలకు అంత మంచి వ్యాయామం తక్కువ. ముప్పై సెకన్లు, నాలుగుసార్లు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిహేనుసార్లు లేవడం. మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించడం. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం. వారానికి మూడు రోజులు చేస్తే ఆరేడు వారాల్లో మెట్లు దిగేటప్పుడే తేడా తెలుస్తుంది. బరువున్నవారికి మరో లెక్క: ఒంట్లో ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. దూకేటప్పుడు మోకాలిపై పడే భారం నడకలో కన్నా చాలా ఎక్కువ. ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించండి. మూడు నెలల రుసుము ముందే కట్టాం కదా అని రోజూ రెండు గంటలు ఆడేయొద్దు. రోజు విడిచి రోజు, మొదట్లో నలభై నిమిషాలు, అదీ డబుల్స్.

మీకు బీపీ, షుగరు ఉన్నా, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నా దిగేముందు ఒకసారి పరీక్ష చేయించుకోండి. అరికాళ్లలో స్పర్శ తగ్గిన షుగరు రోగులకు బూటు నొక్కి పుండు పడినా తెలియదు. ఆట అయ్యాక సాక్సులు విప్పి వేళ్ల సందులు, అరికాలు కళ్లతో చూసుకోవాలి.

గ్యాలరీలో కూర్చుని పిల్లల సంచులు కాసే అమ్మలకూ ఒక మాట. మీరూ ఆడండి. కాకపోతే మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఈ లిగమెంటు తెగడం ఎక్కువ కాబట్టి గోడకుర్చీ మీకు మరింత అవసరం. ఇంట్లో అందరికంటే చివర, అందరికంటే చవకలో బూట్లు కొనుక్కునేది మీరేనని నాకు తెలుసు.

ఇంత జాగ్రత్తపడినా దెబ్బ తగలొచ్చు. ‘టప్’మని శబ్దం వినిపించి, గంట రెండు గంటల్లోనే మోకాలు వాచిపోతే లోపల రక్తం చేరిందని అనుమానించాలి. అడుగు వేస్తే మోకాలు జారిపోతున్నట్టున్నా, వంచిన చోటే బిగుసుకుపోయి చాపలేకపోయినా ఆగకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. ఎక్స్‌రేలో ఎముక బాగుందంటే లిగమెంటు బాగుందని కాదు, ఎక్స్‌రేలో లిగమెంటు కనిపించదు. అలాగని ప్రతి నొప్పికీ ఎమ్మారై పరుగులు వద్దు. చేత్తో పరీక్షించాక అవసరమైతేనే. నలభై ఐదేళ్ల మోకాలికి స్కాన్ తీస్తే ఏదో ఒక అరుగుదల కనబడే అవకాశం ఎక్కువ, అదే మీ నొప్పికి కారణమని చెప్పలేం.

మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు, పదిహేను నిమిషాల చొప్పున. కాలు ఎత్తు మీద. వేడి జిల్లేడాకు కాపడం, నూనె మర్దన అప్పుడే వద్దు, వాపు పెరుగుతుంది. బిగించి కట్టే నాటు కట్టు తెగిన లిగమెంటును అతికించదు, పైగా కండరాలను ఇంకా సన్నబరుస్తుంది. ఒక్క సూదితో నొప్పి మాయం చేస్తామంటే అందులో ఏముందో అడగండి. స్టెరాయిడ్ అయితే షుగరు రోజుల తరబడి ఎగసిపడుతుంది.

నొప్పి బిళ్లల దగ్గర మాత్రం నేను గొంతు పెంచుతాను. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర కూడా వాడేవారు, మా ఎండల్లో రేకుల షెడ్డు కింద చెమటలు కక్కి, నీళ్లు చాలక, ఆపైన ఈ బిళ్ల వేసుకుంటే కిడ్నీ మీద మూడు దెబ్బలు ఒకేసారి పడినట్టు. ‘ఆడేముందే ఒకటి వేసుకుంటే నొప్పి తెలియదు’ అనేవారు ఇంకా ప్రమాదంలో ఉన్నారు. నొప్పి తెలియని మోకాలు ఎక్కడ ఆగాలో మీకు చెప్పదు. తప్పనిసరైతే పారాసిటమాల్, పైపూత జెల్ చాలావరకు సరిపోతాయి. మిగతావి మీ బీపీ మందుల చీటీ చూపించి, రాయించుకుని, చెప్పినన్ని రోజులే.

‘అయితే ఆట మానేయమంటారా డాక్టరుగారూ?’ అని అడుగుతారు. తొంభై మందిలో ఒకరిద్దరికి తప్ప నేను ఆ మాట చెప్పను. దెబ్బ తగలకుండా, మితంగా ఆడితే గుజ్జు అరిగిపోతుందన్నది అపోహే. కూర్చున్న మోకాళ్లూ అరుగుతాయి. మామూలు బెణుకైతే వాపు పూర్తిగా తగ్గి, రెండో కాలితో సమానంగా వంగి, ఒంటికాలి మీద పదిసార్లు నొప్పి లేకుండా లేచి కూర్చోగలిగే దాకా కోర్టు బయటే ఉండండి. ఆ తర్వాత మొదటి వారం నెట్ దగ్గర నిలబడి కొట్టుకోవడం, రెండో వారం సగం కోర్టు, మూడో వారం డబుల్స్. ఎగిరి కొట్టే స్మాష్ అన్నిటికన్నా చివర. మర్నాడు పొద్దున మోకాలు మళ్లీ ఉబ్బి కనిపిస్తే ఒక వారం వెనక్కి వెళ్లండి. ఈలోగా ఆ పాత బూట్లు ఒకసారి తిరగేసి చూసి ఉంటారు కాబట్టి, చీరాలో చిలకలూరిపేటో వెళ్లే పని ఉంటే సాయంత్రం పూట పెట్టుకోండి. సాక్సులు మర్చిపోవద్దు.